మొక్క దొరికింది, మరి దాని ఈగ?

అనంతపురం చుట్టుపక్కల రాతిగుట్టలు ఎక్కితే బండల సందుల్లో, ముళ్లకంపల నీడన, చిటికెన వేలంత లావున నాలుగు పలకలుగా పెరిగే ఆకుల్లేని పచ్చని కొమ్మలు కనిపిస్తాయి. గొర్రెలు కాసేవాళ్లు వాటిని విరిచి పచ్చిగానే నమిలేస్తారు. ఆకలిని అణచిపెడతాయని వాళ్ల నమ్మకం. వాటికి కుందేటి కొమ్ములని ఒక పేరు. ఇంకో పాత పేరు కూడా ఉంది. 18వ శతాబ్దం చివర్లో కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించి వివరాలు రాసిన విలియం రాక్స్‌బర్గ్, తెలుగువాళ్లు దీన్ని ‘కారల్లం’ అంటారని నమోదు చేశాడు. ఆ తర్వాత వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ ఆ మాటనే తీసుకుని ఒక ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, ‘కారల్లుమా’ అని నామకరణం చేశాడు. ఈ పేరుకు అరబ్బీ మూలం వెతికినవాళ్లూ ఉన్నారు. కానీ రాక్స్‌బర్గ్ రాత కళ్లెదుట ఉండగా అంత దూరం పోవలసిన పని లేదు. ఆఫ్రికా నుంచి భారతదేశం దాకా పెరిగే ఒక మొక్కల గుంపును ప్రపంచమంతా తెలుగు మాటతో పిలుస్తోందన్న మాట.

కాపరి నోట్లో ఎన్నో తరాలుగా నలిగిన మొక్కను ఒక దొర ‘కనుగొన్నాడు’ అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. శాస్త్రం లెక్క వేరు. అక్కడ కనుగొనడమంటే నియమం ప్రకారం మొదటిసారి రాసి అచ్చు వేయించడం. మరి ఆ రాతలోనైనా మొక్క సంగతంతా ఉంటుందా అంటే, ఉండదు. ఆకు పొడవెంత, పువ్వులో ఏయే భాగాలున్నాయి, దగ్గరి జాతితో తేడా ఏమిటి అన్నవన్నీ మిల్లీమీటర్లతో సహా దొరుకుతాయి. ఆ పువ్వు మీద ఏ పురుగు వాలుతుంది, ఏ వేళకు వాలుతుంది, అది రాకపోతే కాయ పడుతుందా అన్న విషయాల మీద చాలాసార్లు ఒక్క వాక్యం కూడా ఉండదు. రాయలసీమ కొండల్లో ఈమధ్య వెలుగులోకి వస్తున్న మొక్కల విషయంలో ఈ లోటు ఇంకా పెద్దది. వాటిలో కొన్నింటికి పురుగే ప్రాణాధారం, పైగా ఆ పురుగు కంటికి ఆనదు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఇంత ఎండు నేలలో కొత్త మొక్కలేముంటాయని అనిపించడం సహజం. కర్నూలు వైపు నల్లమల, ఎర్రమల, కడప వైపు లంకమల, పాలకొండలు, వెలికొండలు, దక్షిణాన శేషాచలం కలిసి తూర్పు కనుమల దక్షిణ భాగమవుతాయి. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్కలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఎర్రచందనం అందరికీ తెలిసిందే. కడప, తిరుమల కొండల్లో మాత్రమే ఉండే సైకస్ బెడ్డోమై గురించి వినేవాళ్లు తక్కువ. బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు మీద దానికి 1883లో ఆ పేరు పెట్టారు. కల్యాణదుర్గం కొండల్లో హిల్డెగార్డియా పాపులిఫోలియా అనే అరుదైన చెట్టు ఉంది. నల్లమల పేరునే పెట్టుకున్నవి కూడా ఉన్నాయి. ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా అనే నేలవేము బంధువుకు 1960లలో జె.ఎల్. ఎల్లిస్ పేరు పెట్టగా, బ్రాకిస్టెల్మా నల్లమలయానా అనే చిన్న దుంప మొక్క 2010 తర్వాత శాస్త్రానికి పరిచయమైంది.

ఈ చివరి మొక్క లాంటివే ఇక్కడి అన్వేషకులకు అసలు పరీక్ష. ఏడాదిలో ఎక్కువ కాలం ఇవి నేల మీద ఉండవు. బండ మీది రెండంగుళాల మట్టిలో, గడ్డి వేళ్ల కింద, దుంపగా పడుకుని ఉంటాయి. వాన పడితే మొలక లేస్తుంది, కొన్ని వారాల్లో పూసి, కాసి, మళ్లీ ఎండిపోతుంది. పచ్చగా ఉన్నప్పుడు కూడా పక్కనున్న గడ్డిపోచకు, దీనికి తేడా తెలియాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. వానలు ముఖం చాటేసిన ఏడాది కొండంతా గాలించినా కనబడకపోవచ్చు. వానాకాలంలో నల్లమల లోపలికి పోవడం, వాగులు దాటడం ఎంత తేలికో ఆ ప్రాంతం వాళ్లను అడిగితే చెబుతారు. మొక్క కనబడే కాలమూ మనిషి తిరగలేని కాలమూ ఒకటే కావడం ఇక్కడి చిక్కు. ఇన్నాళ్లూ వీటికి పేరు లేకపోవడానికి సగం కారణం ఇదే.

దొరికాక జరిగే తతంగం పైకి సాదాసీదాగా కనిపిస్తుంది. పువ్వుతో, వీలైతే కాయతో, దుంపతో సహా మొక్కను తీసి పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెడతారు. తర్వాత దళసరి అట్టకు అతికి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తున, ఏ నేలలో దొరికిందో చీటీ రాస్తారు. ఎండితే పువ్వు రంగు, వాసన పోతాయి కాబట్టి అవి అక్కడికక్కడే రాసుకోవాలి. ఆ అట్టల్లో ఒకదాన్ని హోలోటైప్‌గా ప్రకటించి, ఏ హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల అట్టలు భద్రపరిచే ఏ చోట, దాచారో వ్యాసంలో చెప్పాలి. ఆ పేరు ఏ మొక్కకు చెందుతుందని రేపు తగాదా వస్తే ఆ ఒక్క అట్టే సాక్ష్యం. 1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్క వర్ణన తప్పనిసరిగా లాటిన్‌లో ఉండాల్సి వచ్చేది. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్ కూడా చెల్లుతోంది. తెలుగులో రాస్తే ఇప్పటికీ చెల్లదు, కారల్లుమా అంతటి పేరు మన దగ్గర్నుంచే వెళ్లినా సరే.

అసలు శ్రమ వర్ణన రాయడంలో లేదు. ఇది ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టని మొక్కేనని తేల్చడంలో ఉంది. మొక్కల శాస్త్రీయ నామాల లెక్క మొదలయ్యే 1753 నుంచి అచ్చయిన పేర్లన్నీ చూడాలి. ఎవరో వందేళ్ల కిందట ఏదో మూల ఇదే మొక్కకు పేరు పెట్టి ఉంటే కొత్త పేరు చెల్లదు. అందుకే దగ్గరి జాతుల పాత అట్టలన్నీ తిరగేయాలి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం హెర్బేరియం ఉండటం సీమకు కలిసొచ్చిన అదృష్టం. టి. పుల్లయ్య, ఆయన శిష్యులు, సహచరులు దశాబ్దాల పాటు కొండలు తిరిగి మొక్కలు పోగు చేశారు. అనంతపురం, కర్నూలు జిల్లాల వృక్ష సంపద మీద వచ్చిన గ్రంథాలు ఆ తిరుగుడు ఫలితమే. ఆ పునాది లేకపోతే కొత్తదేదో పాతదేదో చెప్పడానికి కోల్‌కతాకో లండన్‌కో పరుగెత్తాల్సి వచ్చేది.

హెర్బేరియాల్లోనే కనుగొనడం జరుగుతుందన్నా తప్పు లేదు. కొత్త మొక్కల నమోదు మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, సేకరించిన ఐదేళ్లలోపు పేరు దక్కినవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతు మొక్కల నమూనాలు 50 ఏళ్లకు పైగా అలమరల్లో పడి ఉన్నాయి. ఎవరో కోసి తెచ్చి, ఎవరో అతికి, ఇంకెవరో దగ్గరి జాతి పేరు రాసి పెట్టేసిన అట్టను మూడో తరం వాళ్లు తీసి ‘ఇది అది కాదే’ అనుకోవడంతో కథ మొదలవుతుంది.

చీటీ మీద రాసిన ఊరి పేరును కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. దీనికి మొక్క ఉదాహరణ కన్నా గుత్తి సాలీడు ఉదాహరణే బాగుంటుంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క నీలిరంగు సాలీడును చూసి ఆర్.ఐ. పోకాక్ 1899లో దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. గుత్తికి ఆ అడవికి దాదాపు వంద కిలోమీటర్లు. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని అనుకుంటున్నారు. చీటీలో ‘గుత్తి’ అని ఉన్నందుకు గుత్తి గుట్టలన్నీ వెతికినవాళ్లకు దొరకలేదంటే దొరకదు మరి.

పురుగుల సంగతికి వస్తే, ఉష్ణమండలంలో పూల మొక్కలు దాదాపు 94 శాతం ఏదో ఒక జీవి సాయంతోనే పరాగ సంపర్కం జరుపుకుంటాయని 2011 నాటి అంచనా. చలి దేశాల్లో ఆ వాటా 78 శాతం దగ్గర ఆగుతుంది. అనగానే తేనెటీగ గుర్తొస్తుంది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ అదే కాబట్టి. సీమ కొండల్లో ఎక్కువగా కనిపించే సీతాఫలాన్నే తీసుకుంటే, దాని పువ్వు దగ్గరికి తేనెటీగ పెద్దగా పోదు. దళసరి రెక్కల సందులోంచి దూరే నువ్వుగింజంత పెంకుపురుగులు ఆ పని చేస్తాయి. ఒకే పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. కాబట్టి ముందుగా విచ్చి పుప్పొడి రాలుస్తున్న పువ్వులోంచి, ఆడభాగం అప్పుడే సిద్ధమైన కొత్త పువ్వులోకి పురుగు వెళ్లాలి. చెట్టు నిండా పూసినా కాయలు తక్కువేమని తిట్టుకునే తోటమాలికి ఈ పెంకుపురుగు పేరు కూడా తెలియదు.

మేడిపండు పొట్టలో పురుగుల సంగతి తెలుగువాళ్లకు సామెతే. పైన మేలిమి, లోపల పురుగులు అని మనిషి కపటాన్ని దెప్పడానికి వాడతాం. మేడిచెట్టు వైపు నుంచి చూస్తే ఆ సామెత తిరగబడుతుంది. ఆ పండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఈగ కన్నా చిన్నదైన ఒక కందిరీగ దాని మూతి దగ్గరి ఇరుకు సందులోంచి రెక్కలు తెగిపోయినా సరే దూరి, వెంట తెచ్చిన పుప్పొడిని లోపలి పూలకు అందించి, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లలే మనం చూసే పురుగులు. మర్రికి వేరే కందిరీగ, రావికి వేరే. కదిరి దగ్గర దాదాపు ఐదెకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమానులో కూడా గింజ కట్టాలంటే రెండు మిల్లీమీటర్ల కందిరీగే రావాలి.

అయితే కొత్త జాతుల విషయంలో ఈ కొండల్లో అన్నిటికన్నా ఆసక్తికరమైనది జిల్లేడు కుటుంబం. కుందేటి కొమ్ములు, బ్రాకిస్టెల్మాలు, నన్నారి షర్బత్ కోసం తవ్వే వేర్లు, అన్నీ ఈ కుటుంబానివే. ఈ కుటుంబపు పూల కిటుకు తెలియాలంటే పెరటి గోడ పక్కనున్న జిల్లేడే చాలు. విచ్చిన పువ్వు మధ్యలో ఐదు పలకల కిరీటం ఉంటుంది. రెండు పలకల మధ్య నిలువు చీలిక ఒకటి, దాని పై కొసన ఆవగింజలో పావు వంతు ఉండే నల్లని చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కను గుండుసూది మొనతో మెల్లగా పైకి లాగితే, దానికి వేలాడుతూ రెండు పసుపు సంచులు బయటికొస్తాయి. చూడటానికి కావడి మోస్తున్నట్టే ఉంటాయి. పుప్పొడి పొడిగా రాలదు, ఈ సంచుల్లో మైనంలా గడ్డకట్టి ఉంటుంది. నల్లచుక్క ఒక క్లిప్పు. తేనె కోసం తుమ్మెద కాలు చీలికలో ఇరుక్కుని పైకి గుంజినప్పుడు క్లిప్పు కాలికి పట్టేస్తుంది. మరో పువ్వు చీలికలో ఆ సంచి సరిగ్గా దూరితేనే కాయ పడుతుంది. తాళానికి తాళంచెవి ఎంత ముఖ్యమో ఇక్కడ కాలి సైజు అంత ముఖ్యం. జిల్లేడుకు పనికొచ్చే తుమ్మెద, వేలెడు పొడవు లేని పువ్వుకు పనికిరాదు.

ఆ చిన్న పూలకు చిన్న ఈగలున్నాయి. ఇదే కుటుంబంలోని సెరోపీజియా ప్రజాతి పూలలో ఈ ఏర్పాటు ఒక నాటకంలా సాగుతుంది. ఈ ప్రజాతికి 1753లోనే లినేయస్ పేరు పెట్టాడు. సెరోపీజియా కాండెలాబ్రం, సెరోపీజియా స్పైరాలిస్ లాంటివి తూర్పు కనుమల దక్షిణ భాగంలో ఉన్నాయి. పువ్వు అడుగున చిన్న బుడ్డి, దాని మీద సన్నని గొట్టం, గొట్టం పైన ఐదు రెక్కలు. చాలా జాతుల్లో ఆ రెక్కల కొసలు కలిసిపోయి లాంతరు కమ్మీల్లా కనిపిస్తాయి. వాసనకు వచ్చిన ఈగ కమ్మీల మధ్య వాలుతుంది. లోపలి గోడ నున్నగా జారుతుంది. గొట్టం నిండా కిందికి వాలిన వెంట్రుకలు. దిగడానికి అడ్డురావు గానీ ఎక్కడానికి కదలనివ్వవు, చేపలు పట్టే బుట్టగూడు నోటిలో పుల్లల్లాగా. బుడ్డిలో పడిన ఈగకు అక్కడ కాస్త తేనె ఉంటుంది. కొన్ని జాతుల్లో బుడ్డి గోడ పలచబడి కిటికీలా వెలుతురు లోపలికి వస్తుంది. బయటపడే దారి అనుకుని ఈగ అటే పోతుంది, పుప్పొడి ఉన్నదీ అటే. తేనె తాగబోతే క్లిప్పు దాని నోటి గొట్టానికి అంటుకుంటుంది. మర్నాటికో ఆ మర్నాటికో వెంట్రుకలు వాడిపోతాయి, నిటారుగా ఉన్న పువ్వు పక్కకు వాలుతుంది, ఈగ నడుచుకుంటూ బయటికి పోతుంది. పోయి, ఏ పాఠమూ నేర్చుకోకుండా, ఇంకో పువ్వులో పడుతుంది. ఆ మతిమరుపు మీదే ఆ జాతి వంశం నడుస్తోంది.

వాసన సంగతి ఇంకా విడ్డూరం. దక్షిణాఫ్రికా ప్రాంతపు సెరోపీజియా సాండర్సోనై మీద 2016లో వెలువడిన పరిశోధన దీన్ని బయటపెట్టింది. సాలీడు నోట చిక్కిన తేనెటీగ గాయపడినప్పుడు కొన్ని వాసనలు వదులుతుంది. వేరొకరు వేటాడిన తేనెటీగ రసాన్ని కాజేసి బతికే ఈగలు కొన్నున్నాయి, ఆ వాసన పసిగట్టి వచ్చేస్తాయి. పువ్వు అచ్చంగా ఆ వాసననే తయారుచేస్తుంది. అంటే తేనెటీగ రాని పువ్వు చచ్చిపోతున్న తేనెటీగలా వాసన వేస్తోందన్న మాట. రాయలసీమ జాతుల వాసన ఏ ఆశ చూపి ఈగల్ని పిలుస్తోందో తేల్చాలంటే అదే తరహా రసాయన విశ్లేషణ ఒక్కో మొక్కకూ విడివిడిగా జరగాలి. ఆఫ్రికా జవాబును తెచ్చి నల్లమలకు అతికించడం కుదరదు.

ఏ పురుగు పని చేస్తోందో తేల్చే పద్ధతిలో అర్థం కానిదేమీ లేదు. కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో పత్తి విత్తనోత్పత్తి చేసే పొలాల్లో క్రాసింగ్ పని చేసిన ఆడవాళ్లకు అందులో సగం తెలుసు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు గిల్లేసి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి కొనకు రాస్తారు. పరిశోధకులూ అంతే. కొన్ని మొగ్గలకు సన్నని గుడ్డ సంచి తొడిగి వదిలేస్తారు. పురుగు తగలకుండా కాయ పడిందా? కొన్నింటికి అదే మొక్క పుప్పొడి రాస్తారు, కొన్నింటికి దూరాన ఉన్న మొక్కది. కొన్నింటిని అలాగే వదిలేస్తారు. నెల తర్వాత కాయలు లెక్కపెడితే, ఈ మొక్కకు పురుగు కావాలా, అక్కర్లేదా, సొంత పుప్పొడి చాలా, పొరుగుది కావాలా అన్నవి తెలుస్తాయి. పత్తికి ఇది వేలితో జరిగే పని. సెరోపీజియాలో అయితే ఇసుక రేణువంత సంచిని కంటికి కనబడని చీలికలో సూదితో దూర్చాలి.

పువ్వు దగ్గర కాపలా కాయడం ఇంకో ఎత్తు. వచ్చిన ప్రతి పురుగూ పనిచేసేది కాదు. చీమ తేనె తాగి పోతుంది, సీతాకోకచిలుక వాలి లేస్తుంది. పట్టుకుని భూతద్దం కింద చూసి, పుప్పొడి దాని ఒంటి మీద సరైన చోట ఉందని తేలితేనే సాక్ష్యం. పొద్దున ఒక గుంపు, మధ్యాహ్నం ఎవరూ రారు, సాయంత్రం ఇంకో గుంపు, రాత్రి సంగతి ఎవరూ చూడరు. అసలే నాలుగు వారాలు పూసే మొక్క, కొండంతా కలిపి పాతికో ముప్పయ్యో పూలు, మధ్యలో రెండు వానలు పడితే ఆ ఏడాది పని అక్కడికి సరి.

ఇంతా చేసి పట్టుకున్న ఈగకు పేరేమిటి? చిక్కుముడి ఇక్కడ బిగుసుకుంటుంది. సెరోపీజియా పూలలో దొరికే ఈగలు రెండు మూడు మిల్లీమీటర్లవి. మిలికిడే, క్లోరోపిడే లాంటి కుటుంబాలవి. వాటిని జాతి స్థాయి దాకా గుర్తుపట్టగలవాళ్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి చాలా నివేదికల్లో ‘ఫలానా కుటుంబపు ఈగ’ అని రాసి ఊరుకుంటారు. ఆ ఈగే శాస్త్రానికి కొత్తది కావచ్చు కూడా. అప్పుడు దానికీ హోలోటైప్, వర్ణన, దగ్గరి జాతులతో పోలిక, మొత్తం తతంగం మొదటి నుంచి జరగాలి. మొక్కను వెతుకుతూ పోతే దాని వెనకే పేరు లేని ఈగ బయటపడుతుంది. ఆ ఈగ పిల్లలు ఎక్కడ ఏం తిని పెరుగుతాయన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఈ పని ఎందుకు జరగదో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కొత్త జాతి ప్రకటిస్తే పత్రికల్లో ఫొటోతో వార్త వస్తుంది, పేరు చివర కనుగొన్నవాళ్ల పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. మూడు వానాకాలాలు బండ మీద కూర్చుని ఈగలు లెక్కపెట్టినవాళ్ల వ్యాసం ఏ వార్తకూ ఎక్కదు. పరిశోధక విద్యార్థికి ఇచ్చే గడువుకు, వాన కోసం ఎదురుచూసే దుంపకు పొంతన కుదరదు. అయినా పట్టుబట్టి చేసినవాళ్లున్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎ.జె. సాల్మన్ రాజు, ఆయన బృందం తూర్పు కనుమల చెట్ల మీద ఇలాంటి పనే చేశారు. ఎర్రచందనం పూలకు తేనెటీగలు చేసే మేలు గురించి, సైకస్ బెడ్డోమై ఎలా విత్తనం కడుతుందన్న దాని గురించి ఈపాటి సమాచారమైనా ఉందంటే ఆ కోవలోని శ్రమ వల్లే. అవి పెద్ద చెట్లు, కనబడే మొక్కలు. జానెడు దుంప మొక్కల వంతు ఇంకా రాలేదు.

మధ్యలో పేర్ల పంచాయితీ ఒకటి. డీఎన్‌ఏ ఆధారాలు చూసి 2017లో కొందరు శాస్త్రవేత్తలు బ్రాకిస్టెల్మాను, కారల్లుమాతో సహా దాని బంధువులందరినీ సెరోపీజియాలో కలిపేయాలని ప్రతిపాదించారు. వాళ్ల తర్కం గట్టిదే. కానీ అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే రాక్స్‌బర్గ్ విన్న తెలుగు మాట ప్రజాతి పేరుగా చెల్లకుండా పోతుంది. కుందేటి కొమ్ములు మాత్రం గుట్ట మీద అలాగే ఉంటాయి, కాపరి పిలిచే పేరూ మారదు.

ఇదంతా శాస్త్రవేత్తల సొంత గొడవ అనుకోవడానికి లేదు. ఒక గుట్టను క్వారీకో, గాలిమరలకో, రోడ్డుకో ఇచ్చే ముందు అక్కడ ఏమేం పెరుగుతున్నాయో లెక్క తీయాలి. ఆ లెక్క ఏప్రిల్‌లో తీస్తే కాగితం మీద ముళ్లకంప, బోద గడ్డి తప్ప ఏమీ ఉండదు. దుంపలు మట్టిలో ఉంటాయి కాబట్టి అబద్ధం చెప్పకుండానే అబద్ధం రాయొచ్చు. వానాకాలంలో మళ్లీ వెళ్లి చూడాలన్న ఒక్క నియమం చాలు, ఎన్నో మొక్కలు లెక్కలోకి వస్తాయి. అంతటితో ఆగినా చిక్కే. ఒకవేళ మొక్క ఉన్న రెండెకరాల చుట్టూ కంచె వేసి, దాని ఈగ పుట్టి పెరిగే పక్క వాగును పూడ్చేస్తే కంచె లోపల ఏటా పూలు పూస్తాయి, కాయ పడదు. దుంప చాలా ఏళ్లు బతుకుతుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. మొలకలు రావడం లేదని గమనించేసరికి మిగిలేవి ముసలి దుంపలే. నన్నారి వేర్ల కోసం తీగల్ని మొదలంటా తవ్వేసే చోట ఇదే వేరే దారిలో జరుగుతోంది. పూతకు రాకముందే పెకిలిస్తే ఈగ ఉన్నా ఏం లాభం?

ఎర్రచందనానికి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ 1995 నుంచీ ఉంది. దుంగలు దాటకుండా చెక్‌పోస్టులున్నాయి, కాపలా దళాలున్నాయి. అది అవసరమే. కానీ వేసవిలో కొండ అంటుకుని చెట్టు కొమ్మన ఉన్న పెద్ద తేనెపట్టు కాలిపోతే ఆ సంగతి ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. మరుసటి పూత కాలంలో ఎన్ని కాయలు తగ్గాయో లెక్కపెట్టేవాళ్లూ ఉండరు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అరుదైన మొక్క దొరికిన చోటును వ్యాసంలో ఊరు, గుట్ట, అక్షాంశ రేఖాంశాలతో సహా అచ్చు వేయడం ఒకప్పుడు మంచి అలవాటు. ఇప్పుడు ఆ వివరం చూసి ముందుగా వచ్చేది అలంకరణ మొక్కల వ్యాపారి కావచ్చు. వింత పూల సెరోపీజియాలకు, కారల్లుమాలకు గిరాకీ ఉంది. అందుకే ఈమధ్య కొందరు జిల్లా పేరు దగ్గరే ఆపేస్తున్నారు. తర్వాతి పరిశోధకుడికి ఇబ్బందే, మొక్కకు మాత్రం మేలు.

ఈగ వైపు పని మొదలుపెట్టడానికి కొత్త కొండ ఎక్కాల్సిన పని కూడా లేని దారి ఒకటుంది. సెరోపీజియా పువ్వును వార్తాపత్రిక మధ్య నొక్కితే దాని ఆకారం చెదిరిపోతుంది కాబట్టి జాగ్రత్త ఉన్న సేకర్తలు కొన్ని పూలను సీసాలో స్పిరిట్ పోసి దాస్తారు. కోసేవేళకు వెంట్రుకలు ఇంకా వాడని పువ్వయితే లోపలి ఖైదీ కూడా సీసాలోకే వస్తుంది. బుడ్డిని బ్లేడుతో నిలువునా చీరి, సూక్ష్మదర్శిని కింద పెడితే, కాళ్లు ముడుచుకున్న ఈగ కనబడుతుంది. కాస్త అదృష్టముంటే దాని నోటి గొట్టానికి, ఏళ్ల కిందటి ఒక వానాకాలం పొద్దున అంటుకున్న పసుపు సంచి ఇంకా వేలాడుతూనే ఉంటుంది.